యూకేలో కేర్ జాబ్, స్కూల్ జాబ్: ఏ డీబీఎస్ కావాలి, పీవీజీ ఎప్పుడు, ఇండియా పీసీసీ ఎప్పుడు?

యూకేలో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొత్త ఇంటేక్ పిల్లలు దిగిన వారానికల్లా వచ్చే ప్రశ్న ఒకటుంది, "అన్నా, డీబీఎస్ ఎక్కడ చేయించాలి, ఎంతవుద్ది?" అని. దానికి పది మంది పది రేట్లు చెప్తారు. ఒకళ్ళు 21 పౌండ్లంటారు, ఇంకొకళ్ళు 50 దాకా అవుద్దంటారు, మధ్యలో ఎవడో ఒకడు "పర్సనల్‌గా మెసేజ్ పెట్టు బ్రో, 120కి నేను చూస్కుంటా" అంటాడు. మొదటి ఇద్దరు చెప్పిందీ నిజమే, కాకపోతే వాళ్ళు చెప్తున్నవి రెండు వేర్వేరు చెక్‌లు. మూడోవాడికి రిప్లై ఇవ్వకండి.

పిల్లలతో, పెద్దవాళ్ళతో, పేషెంట్లతో, వికలాంగులతో దగ్గరగా ఉండి చేసే పనికి ఇక్కడ పోలీసు రికార్డు చూడకుండా ఎవరూ తీస్కోరు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ చెక్‌ని డీబీఎస్ అంటారు, స్కాట్లండ్‌లో పీవీజీ, నార్తర్న్ ఐర్లండ్‌లో యాక్సెస్ ఎన్ఐ. వీటికి తోడు మనం ఇండియా నుంచి తెచ్చుకునే పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. ఒకటి చేతిలో ఉంటే ఇంకోటి అక్కర్లేదులే అనుకునేవాళ్ళు చాలామంది, డబ్బులూ టైమూ పోయేది అక్కడే.

ఒక విషయం ముందే చెప్పేస్తా. చెక్ ఏ లెవెల్‌లో జరగాలో (బేసిక్, స్టాండర్డ్, ఎన్‌హాన్స్‌డ్ అని మూడున్నాయి) డిసైడ్ చేసేది మీరు కాదు, మీరు చేయబోయే పని. ఎక్కువ లెవెల్ చేయించుకుంటే ఎక్కువ మంచిది అనేది ఇక్కడ పని చెయ్యదు, ఆ పనికి అర్హత లేని లెవెల్ అడగడం ఎంప్లాయర్‌కి చట్టప్రకారం కుదరదు కూడా. మీ చేతిలో ఉన్నవి వేరే: ఇప్పుడే చేయించుకోవాలా జాబ్ వచ్చేదాకా ఆగాలా, అప్‌డేట్ సర్వీస్‌లో (ఏటా ఫీజు కట్టి ఉన్న సర్టిఫికెట్‌నే తాజాగా ఉంచుకునే ఆన్‌లైన్ సేవ) చేరాలా వద్దా, పీసీసీ ఇంటి దగ్గర ఉండగానే తెచ్చుకోవాలా ఇక్కడికొచ్చాక తీస్కోవాలా. మీరు ఆలోచించాల్సింది వీటి గురించి.

బేసిక్ కొనేసి కూర్చోవద్దు

బేసిక్ డీబీఎస్ 21.50 పౌండ్లు. 16 ఏళ్ళు దాటిన ఎవరైనా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సొంతంగా అప్లై చేస్కోవచ్చు. ఇందులో ముఖ్యంగా కనపడేది గడువు తీరని శిక్షలు, అంటే చట్టం ఇంకా మర్చిపోనివి. వేర్‌హౌస్‌కి, ఎయిర్‌పోర్ట్ జాబ్‌కి, డెలివరీకి, కొన్ని ఆఫీసులకి ఇది సరిపోతుంది.

కేర్ జాబ్‌కి సరిపోదు. మనవాళ్ళు చేసే ఖర్చుల్లో అన్నిటికంటే వేస్ట్ ఇదే, ఇంటర్వ్యూ కూడా అవ్వకుండానే "నా దగ్గర డీబీఎస్ రెడీగా ఉంది" అని చెప్పుకోవడానికి బేసిక్ కొనేస్తారు, కేర్ హోమ్ మేనేజర్ ఆ కాగితం చూసి పక్కన పెట్టేసి మళ్ళీ మొదటినుంచి ఫామ్ నింపమంటుంది. ఆమె తప్పేం లేదు, ఆ హోమ్‌ని ఇన్‌స్పెక్ట్ చేసేవాళ్ళు వచ్చినప్పుడు ఫైల్‌లో ఎన్‌హాన్స్‌డ్ కనపడకపోతే ఆమె ఉద్యోగానికే ఎసరు.

స్టాండర్డ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫీజు అదే 21.50, లాయర్లు, అకౌంటెంట్లు లాంటి వాళ్ళకి. గడువు తీరిన పాత శిక్షలు కూడా కొన్ని కనపడతాయి. కేర్ వైపు వచ్చేవాళ్ళకి దీనితో పని పడదు.

ఎన్‌హాన్స్‌డ్ 49.50 పౌండ్లు. స్టాండర్డ్‌లో వచ్చేవన్నీ వస్తాయి, దానికి తోడు మీరున్న ఏరియా పోలీసుల దగ్గర మీ గురించి ఏదైనా సమాచారం ఉండి, అది ఈ పనికి సంబంధించిందని వాళ్ళకి అనిపిస్తే అదీ రాస్తారు. కేసు కోర్టు దాకా వెళ్ళకపోయినా, శిక్ష పడకపోయినా సరే. దాని పైన బార్డ్ లిస్ట్ చెక్ ఉంటుంది, అంటే ఈ మనిషిని పిల్లలతో పని చెయ్యకూడదని గానీ పెద్దవాళ్ళతో పని చెయ్యకూడదని గానీ నిషేధించారా అని చూస్తారు. పిల్లలకి ఒక లిస్టు, పెద్దవాళ్ళకి ఒక లిస్టు. దీనికి ఎక్స్‌ట్రా ఫీజు లేదు. నిషేధం ఉన్న మనిషి ఆ పనికి అప్లై చెయ్యడమే నేరం, తెలిసి పెట్టుకున్న ఎంప్లాయర్‌దీ నేరమే.

(ఈ రేట్లు 2024 డిసెంబర్ నుంచి ఉన్నవి. అంతకుముందు 18, 38 ఉండేవి, పాత యూట్యూబ్ వీడియోల్లో అవే చెప్తారు, చూసి కంగారు పడొద్దు.)

ఇంత గట్టిగా ఎందుకంటే దీని వెనక 2002 నాటి సోహమ్ హత్యలున్నాయి. కేంబ్రిడ్జ్‌షైర్‌లో సోహమ్ అనే చిన్న ఊళ్ళో ఇద్దరు పదేళ్ళ ఆడపిల్లల్ని చంపినవాడు అక్కడి స్కూల్లో కేర్‌టేకర్. వాడి మీద అంతకుముందు వేరే ఏరియా పోలీసులకి ఆరోపణలు ఒకటికి పదిసార్లు వచ్చాయి, ఏదీ శిక్ష దాకా వెళ్ళలేదు, ఉద్యోగంలో తీస్కునేటప్పుడు ఆ సంగతి స్కూల్‌కి చేరలేదు. 2004లో బిచర్డ్ ఎంక్వైరీ అనే ప్రభుత్వ విచారణ ఈ గొడవంతా బయటపెట్టింది, తర్వాత 2006లో ఇంగ్లండ్‌కి, 2007లో స్కాట్లండ్‌కి చట్టాలొచ్చాయి. శిక్ష పడని సమాచారం కూడా ఎన్‌హాన్స్‌డ్‌లో ఎందుకు రాస్తారని కోపం వచ్చినవాళ్ళు ఈ కేసు ఒకసారి చదివితే అర్థమవుద్ది. డీబీఎస్ అనే సంస్థ 2012 డిసెంబర్‌లో వచ్చింది, అంతకుముందు సీఆర్‌బీ అనేవాళ్ళు, ఇక్కడి పాత మేనేజర్లు ఇప్పటికీ "హ్యావ్ యు గాట్ యువర్ సీఆర్‌బీ" అనే అడుగుతారు.

ఏ పనికి ఏది

కేర్ హోమ్‌లో స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం, మందులివ్వడం ఉంటే ఎన్‌హాన్స్‌డ్ ప్లస్ అడల్ట్ బార్డ్ లిస్ట్. ఇళ్ళకి వెళ్ళి చేసే డొమిసిలరీ కేర్‌కీ అంతే. మంచం మీదున్నాయనకి బజారు పని చేసిపెట్టడం, ఆయన డబ్బులు చూడటం కూడా ఇందులోకే వస్తాయి, ఒంటి మీద చెయ్యి వెయ్యకపోయినా.

స్కూల్ వైపు రూల్ ఇంకాస్త గట్టిది. టీచింగ్ అసిస్టెంట్ సరే, స్కూల్ కిచెన్‌లో వంట చేసే ఆమెకీ, రెగ్యులర్‌గా క్లీనింగ్ చేసే ఆయనకీ పిల్లల బార్డ్ లిస్ట్ చూస్తారు, ఎందుకంటే స్కూల్ అనే చోటే ఆ లెక్కలోకి వస్తుంది. కేర్ హోమ్ కిచెన్‌లో ఉండేవాళ్ళ సంగతి అలా కాదు, పెద్దవాళ్ళ విషయంలో చూసేది చోటు కాదు, చేసే పని, అందుకే వంట మాత్రమే చేసేవాళ్ళకి బార్డ్ లిస్ట్ లేని లెవెల్ రావచ్చు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకమ్మాయి స్కూల్ కిచెన్‌లో, ఇంకో అమ్మాయి కేర్ హోమ్ కిచెన్‌లో చేస్తే సర్టిఫికెట్లు తేడాగా ఉంటాయి, ఎవరిదీ తప్పు పడినట్టు కాదు.

సర్టిఫికెట్ మీద "వర్క్‌ఫోర్స్" అని ఒక లైన్ ఉంటుంది, చైల్డ్, అడల్ట్, లేకపోతే రెండూ. ఎవరూ దీన్ని చూడరు, తర్వాత తలనొప్పి మాత్రం దీంతోనే. అడల్ట్ అని ఉన్న సర్టిఫికెట్ పట్టుకుని స్కూల్ ఏజెన్సీకి వెళ్తే చెల్లదు. ఏజెన్సీ వాళ్ళు మిమ్మల్ని కేర్ హోమ్‌కీ, చిన్న పిల్లల రెసిడెన్షియల్ యూనిట్‌కీ రెండిటికీ పంపేటట్టయితే ఫామ్ నింపేటప్పుడే అడిగి రెండూ పెట్టించండి, పంపకపోతే ఊరికే పెట్టించడం కుదరదు.

మనవాళ్ళ వీకెండ్ తెలుగు క్లాసులు, కూచిపూడి క్లాసులు నడిపేవాళ్ళు కూడా ఇది వినండి. "అందరూ తెలిసినవాళ్ళే కదా" అని వదిలేస్తారు. ఎవరి పర్యవేక్షణా లేకుండా వారం వారం పిల్లలకి పాఠం చెప్పడం, లేదా 30 రోజుల్లో 3 రోజులకి మించి చెప్పడం ఎన్‌హాన్స్‌డ్, చైల్డ్ బార్డ్ లిస్ట్ కిందకే వస్తుంది. జీతం తీస్కోని వాలంటీర్లకి డీబీఎస్ ఫీజు లేదు, మధ్యలో అప్లికేషన్ పంపే అంబ్రెల్లా బాడీ వాళ్ళ చార్జీ కొంచెం ఉంటుంది, అంతే. అసోసియేషన్ సంక్రాంతి ప్రోగ్రామ్ ఖర్చులో అది ఒక మూలకి రాదు. ఒక్క మాట, కోర్సులో భాగంగా ప్లేస్‌మెంట్ చేసే స్టూడెంట్‌ని వాలంటీర్ అని రాసి ఫ్రీగా పంపకూడదు, అది లెక్కలోకి రాదు.

అప్‌డేట్ సర్వీస్‌లో చేరాలా, ప్రతిసారీ కొత్తది చేయించాలా?

నా ఓటు కళ్ళు మూసుకుని అప్‌డేట్ సర్వీస్‌కే, కాకపోతే షరతులు తెలుసుకుని చేరండి.

డీబీఎస్ సర్టిఫికెట్‌కి ఎక్స్‌పైరీ డేట్ ఉండదు, ప్రింటైన రోజుకి ఉన్న పరిస్థితి అది, అంతే. అందుకే కొత్త ఎంప్లాయర్ పాతదాన్ని నమ్మడు, కొత్తది చేయిస్తాడు. లెస్టర్‌లో ఎంఎస్సీ చదువుకుంటూ రెండు ఏజెన్సీల్లో షిఫ్టులు చేసే అబ్బాయిని తీస్కోండి. అప్‌డేట్ సర్వీస్ లేకపోతే 49.50 రెండు సార్లు, అంటే 99, ఏజెన్సీల సొంత చార్జీలు వేరే. అదే మొదటి సర్టిఫికెట్‌ని అప్‌డేట్ సర్వీస్‌కి కలిపితే 49.50 ప్లస్ సంవత్సరానికి 16, మొత్తం 65.50. రెండో ఏజెన్సీ ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో చూస్కుంటుంది, వాళ్ళకి ఫీజు లేదు, మీరు ఒప్పుకుంటే చాలు. మూడో చోట చేరినా అదే 16. దీనికంటే పెద్ద లాభం టైమ్, కొత్త డీబీఎస్ కోసం రెండు మూడు వారాలు షిఫ్టులు లేకుండా కూర్చోవడం స్టూడెంట్‌కి నెల అద్దె అంత దెబ్బ. (ఎన్ని ఏజెన్సీలున్నా టర్మ్ టైమ్‌లో వారానికి 20 గంటలు అన్నీ కలిపే లెక్క, ఒక్కో ఏజెన్సీకి 20 కాదు. డిగ్రీ, మాస్టర్స్ వాళ్ళ మాట చెప్తున్నా.)

షరతులకొస్తే, సర్టిఫికెట్ ఇష్యూ అయిన 30 రోజుల్లోపు చేరాలి. 31వ రోజు వెళ్తే ఆ సర్టిఫికెట్ ఇక కలపరు, ఇంకోటి చేయించాల్సిందే. రెన్యువల్ మర్చిపోయినా అంతే, అందుకే కార్డ్‌తో ఆటో రెన్యువల్ పెట్టుకోండి, బ్యాంక్ కార్డ్ మారితే అక్కడా మార్చండి. కొత్త జాబ్‌లో లెవెల్, వర్క్‌ఫోర్స్ పాతవాటితో సరిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒరిజినల్ కాగితం చూపించాలి, పోగొట్టుకుంటే అప్‌డేట్ సర్వీస్ ఉండీ లేనట్టే. ఆ కాగితం వచ్చేది మీ ఇంటి అడ్రస్‌కి పోస్టులో, ఎంప్లాయర్‌కి కాదు. ఆరుగురు ఉండే షేరింగ్ ఇంట్లో మెట్ల దగ్గర పడేసిన ఉత్తరాల కుప్పలో పిజ్జా పాంప్లెట్లతో కలిసి డీబీఎస్ కవరు చెత్తబుట్టకి పోయిన కథలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాయి. ఇల్లు మారే ప్లాన్ ఉంటే, మారాక అప్లై చెయ్యండి.

ఒక్క చోటే పర్మనెంట్‌గా ఉంటూ, మారే ఉద్దేశం లేకుండా, మూడేళ్ళకోసారి ఎంప్లాయరే సొంత ఖర్చుతో మళ్ళీ చేయిస్తానంటే మాత్రం ఈ 16 పౌండ్లు కట్టక్కర్లేదు.

స్కాట్లండ్ వెళ్తే కథ వేరు

గ్లాస్గో, డండీ, అబెర్డీన్, ఎడిన్‌బరాలో చదివే మనవాళ్ళు బాగా పెరిగారు. లండన్‌లో చేయించిన డీబీఎస్ పట్టుకుని అక్కడ కేర్ జాబ్‌లో చేరడం కుదరదు. అక్కడ డిస్‌క్లోజర్ స్కాట్లండ్ అనే సంస్థ చూస్తుంది, పీవీజీ అనేది ఒక సర్టిఫికెట్ కాదు, మెంబర్‌షిప్. మొదటిసారి చేరడానికి 59 పౌండ్లు, తర్వాత ఇంకో ఎంప్లాయర్ దగ్గర చేరినప్పుడు 18.

2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడి చట్టం మారింది. బేసిక్‌ని ఇప్పుడు లెవెల్ 1 అంటున్నారు, దాని పైది లెవెల్ 2, పిల్లలతో, కాపాడాల్సిన పెద్దవాళ్ళతో రెగ్యులేటెడ్ రోల్ చెయ్యాలంటే పీవీజీ మెంబర్ అయ్యుండటం చట్టప్రకారం తప్పనిసరి, లేకుండా చేస్తే మీదీ ఎంప్లాయర్‌దీ నేరమే. అంతకుముందు అందరూ తీస్కునేవాళ్ళు గానీ చట్టం పట్టుబట్టేది కాదు.

రెండిట్లో ఏ పద్ధతి బాగుందంటే నాకు పీవీజీయే నచ్చుతుంది. డీబీఎస్ ఆ రోజుకి తీసిన లెక్క, మీరు అప్‌డేట్ సర్వీస్ కడితే తప్ప తర్వాత ఎవరూ చూడరు. పీవీజీలో ఉన్నంతకాలం మెంబర్ మీద కొత్తగా ఏమైనా వస్తే వాళ్ళే చూసి చర్య తీస్కుంటారు, మనం విడిగా చేరక్కర్లేదు. మొదట్లో పది పౌండ్లు ఎక్కువైనా, అప్‌డేట్ సర్వీస్ లేకుండా నాలుగు ఏజెన్సీలు మారేవాళ్ళతో పోలిస్తే చివరికి స్కాట్లండే చవక. బెల్‌ఫాస్ట్ వెళ్ళేవాళ్ళు యాక్సెస్ ఎన్ఐ అప్లై చెయ్యాలి, బేసిక్, స్టాండర్డ్, ఎన్‌హాన్స్‌డ్ అనే లెవెల్స్ అక్కడా ఉంటాయి, ఎన్‌హాన్స్‌డ్ మామూలుగా ఎంప్లాయర్ ద్వారానే వెళ్తుంది.

ఇండియా పీసీసీ: అక్కడ ఉండగా తెచ్చుకోవాలా, ఇక్కడ తీస్కోవాలా?

డీబీఎస్‌కి మన తెనాలి పోలీస్ స్టేషన్లో ఏముందో తెలీదు, వాళ్ళు చూసేది యూకే రికార్డులే. దిగిన నెల రోజులకి చేయించిన డీబీఎస్‌లో ఏం ఉంటుంది, ఏమీ ఉండదు. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళని ఎంప్లాయర్లు ఇండియా పీసీసీ కూడా అడుగుతారు. హెల్త్ అండ్ కేర్ వీసా మీద బయటనుంచి వచ్చేవాళ్ళకైతే గత 10 ఏళ్ళలో 12 నెలలు, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీస్ సర్టిఫికెట్ వీసాకే అడుగుతారు. నర్సుల్లో దుబాయ్, కువైట్, సౌదీలో చేసి వచ్చినవాళ్ళు మనలో చాలామంది, వాళ్ళు అక్కడ జాబ్ మానేసేముందే ఆ దేశం సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుంటే మంచిది, దేశం దాటాక వేలిముద్రలు, ఎంబసీ అటెస్టేషన్ అని తిరగాలి.

ఇంటి దగ్గర ఉంటే పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో అప్లై చేసి 500 రూపాయలు కట్టి, స్లాట్ తీస్కుని హైదరాబాద్, విజయవాడ, వైజాగ్, తిరుపతి, ఎక్కడ దగ్గరైతే అక్కడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్తే సరిపోతుంది. పాస్‌పోర్ట్‌లో ఉన్న అడ్రస్‌లో మీరు ఇప్పుడు ఉంటున్నారా అన్నదే అసలు మెలిక. పాస్‌పోర్ట్‌లో ఊరి అడ్రస్, మీరేమో అమీర్‌పేట హాస్టల్‌లో, కానిస్టేబుల్ ఊళ్ళో ఇంటికొచ్చి "అబ్బాయేడి" అంటే "హైదరాబాద్‌లో ఉన్నాడండీ" అని నాయనమ్మ చెప్పేస్తుంది, రిపోర్ట్ "ఉండుట లేదు" అని వెళ్ళిపోద్ది. ఆ వారం ఇంట్లో ఉండండి, లేదా ఇప్పుడున్న అడ్రస్ అప్లికేషన్లో నిజంగానే రాయండి. స్టేషన్‌లో లోకల్‌గా ఇచ్చే పీసీసీ కూడా ఒకటుంటుంది, లోపలి ఉద్యోగాలకి పనికొస్తుంది, విదేశాలకి నేనైతే పాస్‌పోర్ట్ ఆఫీసుదే తీస్కుంటా.

ఇక్కడికొచ్చాక కావాలంటే ఇండియన్ హై కమిషన్ ఇస్తుంది, అప్లికేషన్ వీఎఫ్ఎస్ అనే సెంటర్ల ద్వారా. జరుగుతుంది గానీ ఫీజు ఎక్కువ, ఆ వెరిఫికేషన్ మళ్ళీ మన ఊరికే వెళ్ళి రావాలి, ఆలస్యం ఎంతన్నది చెప్పలేం. ఎంచుకునే అవకాశం ఉంటే ఫ్లైట్‌కి ముందు నెలలో ఇంటి దగ్గరే తీస్కోండి. మరీ ఆరు నెలల ముందు తీస్తే "పాతది" అని పక్కన పెట్టే ఎంప్లాయర్లున్నారు, విమానం ఎక్కే నెలలో తీసిందైతే ఇండియాలో ఉన్న కాలమంతా దాదాపు కవరైపోయినట్టే కాబట్టి వాదించడానికి వీలుంటుంది. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పీసీసీ ఆగుతుంది, కుటుంబ గొడవల కేసైనా సరే, అది ఉన్నవాళ్ళు ముందు లాయర్‌తో మాట్లాడండి.

దీనికి సంబంధించే ఇంకోటి. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని తెచ్చుకోవడం 2025 జులై 22 నుంచి యూకే ఆపేసింది. ఇప్పుడు కూడా "కేర్ వర్కర్ సీఓఎస్ (స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్) ఉంది, ముందు పీసీసీ తీసి పెట్టుకో, అడ్వాన్స్ కట్టు" అని ఏ కన్సల్టెన్సీ వాడైనా అంటే ఆ పీసీసీ 500తో పాటు అడ్వాన్స్ లక్షలు కూడా పోయినట్టే. రిజిస్టర్డ్ నర్సుల దారి వేరు, అది ఉంది.

ఏది కనపడుద్ది, ఏది కనపడదు

పార్కింగ్ ఫైన్‌కి భయపడి డీబీఎస్ అప్లై చెయ్యకుండా ఆగిన పిల్లలుంటారు, నవ్వొస్తుంది గానీ పాపం వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. పార్కింగ్ టికెట్, స్పీడింగ్‌కి కట్టేసిన ఫిక్స్‌డ్ పెనాల్టీ నేరశిక్షలు కావు, డీబీఎస్‌లో రావు. కోర్టు దాకా వెళ్తే మాత్రం వేరు. డెలివరీ చేస్తూ సరైన ఇన్సూరెన్స్ లేకుండా దొరికి, ఉత్తరాలు పట్టించుకోకుండా వదిలేస్తే, కోర్టులో మీరు లేకుండానే శిక్ష పడొచ్చు, అది నేరశిక్ష కిందకే వస్తుంది. మన పిల్లలకి పడే శిక్షల్లో ఇలాంటివే ఎక్కువ చూశా.

రెండోది పోలీస్ కాషన్, అంటే కోర్టుకి పంపకుండా పోలీసులే రికార్డు చేసి ఇచ్చే హెచ్చరిక. ఇంట్లో భార్యాభర్తల గొడవకో, షేరింగ్ ఇంట్లో కొట్లాటకో పోలీసులొస్తే, "ఒప్పుకుని సంతకం పెట్టేస్తే ఇంటికెళ్ళిపోవచ్చు" అనిపించేలా ఉంటుంది పరిస్థితి. ఆ సంతకం అంటే నేరం ఒప్పుకున్నట్టు. కేర్ జాబ్ వాళ్ళకి అది ఎన్‌హాన్స్‌డ్‌లో కనపడొచ్చు. పోలీస్ స్టేషన్లో లాయర్ సలహా ఫ్రీ, అడిగితే పిలుస్తారు, లాయర్ వచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

పాతవన్నీ జీవితాంతం కనపడవు. పెద్దయ్యాక పడిన శిక్షైతే, జైలు లేకుండా, ప్రత్యేకంగా గుర్తించిన తీవ్ర నేరాల లిస్టులో లేకుండా ఉంటే 11 ఏళ్ళకి, కాషన్ అయితే 6 ఏళ్ళకి స్టాండర్డ్, ఎన్‌హాన్స్‌డ్‌లో నుంచి పోతాయి. కనపడినా జాబ్ పోయినట్టే అని కాదు, ఎంప్లాయర్ పిలిచి అడగాలి, ఏం జరిగిందో మీరు ముందే చెప్పి ఉంటే సగం పని అయినట్టే. దాచి, తర్వాత కాగితంలో కనపడితే అప్పుడు పోద్ది.

ఫామ్ నింపేటప్పుడు

మనవాళ్ళ అప్లికేషన్లు ఆగేది నేరాల వల్ల కాదు, పేర్ల వల్ల. ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ దగ్గరుందా, పేరులో కలిసిపోయిందా, సర్‌నేమ్ ఖాళీగా ఉందా, ఒక్కొక్కళ్ళది ఒక్కో రకం. పాస్‌పోర్ట్‌లో "వెంకట సాయి లక్ష్మి ప్రసన్న" అని నాలుగు ముక్కలుంటే బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో "వి ఎస్ ఎల్ ప్రసన్న" ఉంటుంది, ఐడీ చెక్ చేసేవాళ్ళు వెనక్కి పంపేస్తారు. బ్యాంక్ అకౌంట్ తెరిచిన రోజే పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే పెట్టించండి. పెళ్ళికి ముందు పేరు వేరైతే అది కూడా రాయాలి.

అడ్రస్‌లు ఐదేళ్ళవి గ్యాప్ లేకుండా కావాలి, ఇండియావి కూడా. బీటెక్ హాస్టల్, కోచింగ్ పీజీ, ఊళ్ళో ఇల్లు, ఇక్కడికొచ్చాక మొదటి వారం ఉన్న ఫ్రెండ్ రూమ్ అన్నీ నెలలతో సహా ఫోన్‌లో ఒక నోట్‌లో రాసి పెట్టుకోండి. వీసా వివరాలుండే బీఆర్‌పీ కార్డులు 2024 డిసెంబర్ 31తో ఐపోయాయి, ఇప్పుడు వాటి బదులు ఆన్‌లైన్‌లో ఉండే ఈవీసా, దాన్ని చూపించే షేర్ కోడ్ ఇస్తే సరిపోతుంది.

అప్లికేషన్ ఎక్కడుందో రిఫరెన్స్ నంబర్, పుట్టిన తేదీతో ఆన్‌లైన్‌లో చూస్కోవచ్చు, ఐదు స్టేజీలుంటాయి. నాలుగో స్టేజీ, లోకల్ పోలీసుల దగ్గర, ఎక్కువగా ఆగేది అక్కడే, పెద్ద సిటీలు మారినవాళ్ళకి ఇంకా ఎక్కువ. అక్కడ 60 రోజులు దాటితే డీబీఎస్‌కి ఫోన్ చేసి ఎస్కలేట్ చెయ్యమనొచ్చు, అంతకుముందు ఫోన్ చేసినా ప్రయోజనం లేదు. ఈలోపు కేర్ హోమ్‌కి మనిషి అర్జెంట్‌గా కావాలంటే "అడల్ట్ ఫస్ట్" అని అడల్ట్ బార్డ్ లిస్ట్ ఒక్కటే ముందు చూసే దారి ఉంది, దానిలో క్లియర్ వస్తే ఒకళ్ళ పర్యవేక్షణలో మొదలుపెట్టొచ్చు. మేనేజర్లు కొందరు మర్చిపోతారు, అడగడానికి మొహమాటపడొద్దు.

ఫీజు ఎవరు కట్టాలనేది కంపెనీని బట్టి ఉంటుంది, మంచి కేర్ హోమ్‌లు వాళ్ళే కడతాయి, ఏజెన్సీలు ఎక్కువగా మీచేత కట్టించి మూడు నెలలు చేస్తే తిరిగిస్తామంటాయి, ఆ మాట మెయిల్‌లో రాయించుకోండి. 49.50 మీద అడ్మిన్ చార్జీ కొంత ఉండటం మామూలే. ఇంటర్వ్యూ లేకుండా, ఐడీ చూడకుండా, సొంత అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చెయ్యమంటే మాత్రం అక్కడ డీబీఎస్ కాదు కదా జాబే ఉండదు.

సర్టిఫికెట్‌లో మీది కానిది ఏదైనా కనపడితే, పేరూ పుట్టినరోజూ దగ్గరగా ఉన్న ఇంకొకళ్ళది కలిసిపోవడం జరుగుతుంటుంది, ఇష్యూ అయిన 3 నెలల్లోపు డిస్‌ప్యూట్ పెట్టాలి. అవసరమైతే పోలీస్ స్టేషన్లో వేలిముద్రలు తీస్కుని తేలుస్తారు. అప్పటిదాకా ఎంప్లాయర్‌కి డిస్‌ప్యూట్ పెట్టినట్టు మెయిల్ ఫార్వార్డ్ చేసి ఉంచండి.